చరణానికొక వరుస

ముప్పై నాలుగేళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను. ఎంతమంది మొండిఘటాలకు భిన్నాలు నేర్పానో దేవుడికే తెలుసు. ఒక్క మనిషి దగ్గర మాత్రం నా లెక్కలు చెల్లలేదు. ఆమె మా అమ్మ సువార్తమ్మ. జీవితంలో ఒక్క కుట్టు లెక్కపెట్టకుండా, ఒక్క కాగితం ముందు పెట్టుకోకుండా, క్రోషా సూదితో నాచారంలో సగంమందికి స్వెట్టర్లు అల్లిన మనిషి. "ఎన్ని కుట్లు వేశావమ్మా?" అని అడిగితే నావైపు జాలిగా చూసేది. లెక్కలు వచ్చినవాళ్ళంటే ఆమెకు మొదటినుంచీ జాలే.

ఆమె కొలతంతా పాటలో ఉండేది. ముచ్చటకు చెబుతున్నాననుకునేరు, కాదు. నిజంగానే పాటతో కొలిచేది. తాళానికి ఒక కుట్టు. చరణం పూర్తయ్యేసరికి ఒక వరుస. పల్లవి అందుకుంటూ పనిని ఇటు తిప్పి, మళ్ళీ అదే చరణం, మళ్ళీ ఒక వరుస. అందరిలా కింది అంచు నుంచి పైకి అల్లేది కాదు. భుజం నుంచి నడుము దాకా నిలువు వరుసలు వేసేది. అందుకని మనిషి పొడుగైతే పొడుగు పాట, పొట్టి మనిషైతే పొట్టి పాట. లావు సంగతి లెక్కలోకే రాదు. ముక్కను మనిషి ఒంటికి చుట్టి చూసి, చాలేదాకా వరుసలు పెంచుకుంటూ పోవడమే.

మా ఇంట్లో మనుషుల్ని పాటలతోనే గుర్తుపెట్టుకునేవాళ్ళం. మా నాన్న ఏలియా ఆరడుగుల మనిషి. ఆయనది ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో చర్చిలో పాడే సాగదీత కీర్తన. మా పాస్టరుగారు పొట్టి. ఆయనది సండేస్కూలు పిల్లల పాట. ఈ సంగతి ఆయన చెవిన పడకూడదని నాకు గట్టి ఆజ్ఞ. నాకు మాత్రం ఏడాదికొక పాట మారేది. "ఈసారి నీకు క్రిస్మస్ పాట సరిపోతది బిడ్డా" అని అమ్మ అన్నదంటే నేను నాలుగు వేళ్ళు ఎదిగానన్నమాట.

ఎవరైనా కొత్తవాళ్ళు ఇంటికొస్తే, మంచినీళ్ళు ఇచ్చేలోపే అమ్మ చూపు వాళ్ళ భుజం నుంచి నడుము దాకా ఒకసారి దిగేది. పెదవులు మెల్లగా కదిలేవి. పాపం వాళ్ళు, తమకోసం ప్రార్థన చేస్తోందనుకుని కళ్ళు మూసుకునేవారు.

ఈ విద్య ఆమెకు మెదక్ దగ్గర మిషన్ బోర్డింగులో అబ్బింది. అక్కడ లేసు అల్లిక నేర్పిన దొరసానికి తెలుగు అంకెలు పది దాటి రావు. కీర్తనలు మాత్రం కంఠతా వచ్చు. అందుకని పిల్లలు పాడుతూ ఉంటే దొరసాని బల్ల మీద తాళం కొట్టేదట, తాళానికొక కుట్టు. మిగతా పిల్లలు పోనుపోను అంకెల్లోకి మారారు. మా అమ్మ మారేలోపే చదువు ఆగిపోయింది. నాలుగో తరగతిలో ఉండగా వాళ్ళమ్మ మంచాన పడితే, ఇంటికి పోయి తమ్ముళ్ళను పెంచాల్సి వచ్చింది.

బోర్డింగులో ఉన్నన్నాళ్ళూ ఆమెకు ఒకటే కోరిక, టీచరమ్మ కావాలని. ఊరికి పోయాక మేకలు కాస్తూ మేకలకే అ ఆలు చెప్పేదట. "మూడేండ్లు చెప్పిన. ఒక్క మేక గూడ పాస్ కాలే" అనేది. నవ్వుతూనే అనేది గాని, అన్న ప్రతిసారీ చూపు ఎటో తిప్పుకునేది. ఎందుకో నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు.

పెళ్ళయ్యాక నాన్నతో నాచారం వచ్చింది. నాన్నకు ఉప్పల్ రోడ్డు మీద, భూమి లోపలి సంగతులు శోధించే ఒక సర్కారు ఆఫీసులో ఖలాసీ ఉద్యోగం. పెట్టెలంత యంత్రాలను జీపులో ఎక్కించడం, దించడం ఆయన పని. అప్పటి నాచారం అంటే ఒకవైపు కొత్తగా లేస్తున్న ఫ్యాక్టరీ గోడలు, ఇంకోవైపు ఉప్పల్ దాకా ద్రాక్షతోటలు. చలికాలం తెల్లారుజామున ఆ తోటల మీదుగా వచ్చే చలి ఎంతుండేదో ఇప్పటివాళ్ళకు చెప్పినా నమ్మరు.

అరవై ఏడు జనవరిలో ఒకరోజు నాన్న, అమ్మ అల్లిన నీలం స్వెట్టరు వేసుకుని డ్యూటీకి పోయాడు. ఆ ఆఫీసులో పెద్ద ఆఫీసరు జనార్ధనరావుగారు. ఆయన భార్య ఛాయాదేవిగారిది కాకినాడ. నాచారం మహిళా మండలికి ఆవిడే కార్యదర్శి. ఆ రోజు భర్తకు క్యారియరు తెచ్చి, గేటు దగ్గర నాన్నను చూసి ఆగిపోయారు.

"ఎక్కడ కొన్నావు ఏలియా ఈ స్వెట్టరు?"

"కొనలేదమ్మా. మా ఇంటామె పాడింది."

ఆవిడ రెండోసారి అడిగారు. నాన్న రెండోసారీ అదే చెప్పాడు. మూడోసారి అడగకుండా ఆదివారం సాయంత్రం ఆవిడే మా ఇంటికి వచ్చేశారు.

ఛాయాదేవిగారు మంచి మనిషి. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. ఏదో విదేశీ పత్రికలో నమూనా చూసి రెండేళ్ళుగా భర్తకు స్వెట్టరు అల్లుతున్నారట. "వీపు ఒక్కటే అయింది సువార్తమ్మా. ముందుభాగం ఆయన రిటైరయ్యేలోపు అవుతుందేమో చూడాలి" అని ఆవిడే పకపకా నవ్వారు. అమ్మ ఒక ఉన్నిదారం ఉండ తీసుకుని, ఒక పాట ఎత్తుకుని, ఆవిడ టీ తాగేలోపు జానెడు ముక్క అల్లి చూపించింది. ఆవిడ కప్పు కింద పెట్టడం మరిచిపోయారు.

"చూడు, పంచాయతీవాళ్ళ ఖాళీ గది ఒకటి ఉంది. జూన్ నుంచి అక్కడ అల్లిక కేంద్రం మొదలుపెడదామనుకుంటున్నాం. ఆరునెలలు నడిచాక సర్కారు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తుంది. బాగుందని రాస్తే కేంద్రానికి గుర్తింపు. అప్పుడు నువ్వే టీచరువి. రాయకపోతే మాత్రం సర్టిఫికెట్ ఉన్న ఎవర్నో పట్నం నుంచి పంపిస్తారు."

టీచరు అన్నమాట వినగానే, మళ్ళీ టీ పోస్తున్న అమ్మ చేతిలోని గిన్నె వంగింది. ఛాయాదేవిగారి సాసరు నిండి, చాప తడిసి, నా గౌను తడిసింది. అమ్మకు ఏదీ తెలియలేదు.

జూన్‌లో ఎనిమిదిమంది ఆడవాళ్ళతో కేంద్రం మొదలైంది. మొదటిరోజే అమ్మ ఒక షరతు పెట్టింది. "సర్కారు కాయితం వచ్చేదాక నన్ను ఎవ్వలు టీచరమ్మ అనొద్దు" అన్నది. ముందే అంటే ఆ పేరు దక్కదని ఆమె భయం. అందరూ సువార్తక్క అనేవాళ్ళు. ఇంట్లో నేను కూడా ఆటకైనా ఆ మాట అనకూడదు.

ఆ ఎనిమిదిమందిలో ఇద్దరి గురించి చెప్పాలి. గ్రేస్ మా చర్చి పిల్లే, కొత్తగా పెళ్ళయింది. నోట్లో నాలుక లేని మనిషి. ఆమెకు పూర్తిగా వ్యతిరేకం బాలమణి. ద్రాక్షతోటలో పనిచేసేది. ఆమె వస్తుంటే ముందు గొంతు వచ్చేది, తర్వాత మనిషి వచ్చేది. మొదటివారంలోనే బాలమణి సూది కింద పెట్టేసింది.

"సువార్తక్కా, నాకు గీ మీ దేవుని పాటలు రావు. తోటల పాడేటియే వస్తయి. నేను పోత."

"పాట యేదైతేంది? తాళం తప్పకుంటె సాలు. నీకొచ్చిందే పాడు" అన్నది అమ్మ.

అప్పటినుంచి ఎవరి పాట వాళ్ళదే. స్వెట్టరు ఒంటిభాగాన్ని నలుగురు పంచుకుని అల్లుతారు గనక, దానికి అందరికీ తెలిసిన జోలపాటలు రెండు మూడు పెట్టుకున్నారు. స్వెట్టరు చేతులు రెండూ అల్లేది గ్రేస్, బాలమణి. రెండూ సమానంగా రావాలి కాబట్టి అమ్మ ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, గ్రేస్ కీర్తనకు సరిగ్గా సరిపోయే బాలమణి పాటను వెతికి జతచేసింది. ఆ పాటకొక పద్ధతి ఉంది. తోటలో గుత్తులు కోస్తూ, చరణం చివర ఎదురుగా ఉన్నవాళ్ళ పేరు ఒకటి కలిపి ఆటపట్టించాలి. బాలమణి రోజూ గ్రేస్ పేరే కలిపేది. గ్రేస్ సిగ్గుతో ఎర్రబడేది. రెండు చేతులూ అచ్చంగా ఒకే పొడుగు వచ్చేవి.

తప్పు చేస్తే కుట్లు విడదీసి చూడనిచ్చేది కాదు అమ్మ. "కుట్లు నీకేం జెప్తయ్? పాట మల్ల పాడు, యాడ తప్పిందో అదే జెప్తది" అనేది. ఎనిమిదిమందీ ఒకేసారి పాడుతుంటే ఆ గదిలో కూర్చోవడం నావల్ల కాలేదు. బయట మాత్రం, ఫ్యాక్టరీకి పోయేవాళ్ళు సైకిళ్ళు దిగి వినిపోయేవాళ్ళు.

నవంబరులో సర్కారు నుంచి ఉత్తరం వచ్చింది. డిసెంబరు మొదటి శనివారం తనిఖీ. అల్లిక నమూనాను కాగితం మీద రాసి ముందుగా పంపాలట.

అమ్మ ముఖం పాలిపోయింది. "రాసేటందుకు ఏమున్నదమ్మా?" అన్నది.

"ఏమీ భయపడకు. నువ్వు అల్లుతూ ఉండు, నేను రాస్తూ ఉంటాను" అన్నారు ఛాయాదేవిగారు.

ఐదురోజులు నోటుబుక్కు పట్టుకుని పది గంటలకు మా ఇంటికి వచ్చి, నాలుగింటిదాకా కూర్చున్నారు. నాన్న కొలతకు కొత్త స్వెట్టరు. మొదటిరోజు కొంత వాదన జరిగింది.

"వరుసకు ఎన్ని కుట్లు?"

"చరణం అయ్యేదాకనమ్మా."

"మొత్తం ఎన్ని వరుసలు?"

"మా ఆయన అయ్యేదాక."

ఆవిడ తల పట్టుకున్నారు గాని పట్టు విడవలేదు. అమ్మ పాడుతుంటే వేళ్ళు మడిచి, ప్రతి వరుసనూ రాసుకున్నారు. ఐదోరోజుకు స్వెట్టరు అయింది, నాన్నకు అతికినట్టు సరిపోయింది. ఆవిడ నాలుగు కాగితాల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తిరాసి, ఒక ప్రతి సర్కారుకు పోస్టు చేసి, ఒక ప్రతి మా ఇంట్లో ఇచ్చారు. "ఇన్‌స్పెక్టరుకు చూపించడానికి ఇది చూసి ఒకటి అల్లిపెట్టు" అన్నారు.

అమ్మ ఆ కాగితాలను బైబిలు పక్కన పెట్టింది. సర్కారుకు పోయిన కాగితం కదా, భక్తి. నేను చదువుతుంటే, నోరు మూసుకుని, వరుస తర్వాత వరుస అల్లింది. మా ఇంట్లో పాట లేకుండా గడిచింది ఆ నాలుగు రోజులే. నాన్న రెండుసార్లు వచ్చి, "ఏందే, పానం మంచిగ లేదా? దవాఖానకు పోదమా?" అని అడిగాడు. మధ్యలో అమ్మ సూది ఆపి, "బిడ్డా, జర ఎక్కువైతున్నట్టు లేదూ?" అన్నది. కాగితంలో ఇంకా ముప్పై వరుసలున్నాయని చెప్పాను. చెప్పింది నేనే. లెక్క తప్పదని నాకప్పుడు పొగరు.

బుధవారం సాయంత్రం అది పూర్తయింది. నాన్న వేసుకున్నాడు. ఆయన చుట్టూ ఇంకా ఖాళీ ఉంది. నేను కింది నుంచి దూరాను, పక్కనే నా తల కూడా మెడలోంచి బయటికొచ్చింది. ఇద్దరం ఒకే స్వెట్టరులో నిలబడి, ఇంటి మధ్యలో చెరో వైపు లాగుతూ, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. అటు తిరిగి చూస్తే అమ్మ ఏడుస్తోంది.

"కాయితంల తప్పుండదు. నాలోనే ఉన్నది. టీచరంటె కాయితం సదివి చెయ్యొస్తది. నాకు రాదు" అన్నది. ఆ స్వెట్టరులోంచి బయటపడదామంటే నాన్న ఒకవైపు, నేను ఒకవైపు, దారి దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే ఛాయాదేవిగారు పరుగున వచ్చారు. కాగితాలు తిరగేశారు. "నేను రాసినవన్నీ నువ్వు అల్లినవే కదా! ఒక్కటి కూడా నా సొంతంగా రాయలేదు" అన్నారు.

మూలన కూర్చుని బూట్లు తొడుక్కుంటున్న నాన్న తలెత్తాడు. "అల్లినయ్ అన్ని రాసిన్రమ్మా. ఇప్పినయ్ రాయలే గద."

సంగతి అది. పగలంతా అల్లింది సాయంత్రం నాన్న ఒంటికి చుట్టి చూసి, నచ్చని వరుసలు ఊడదీయడం అమ్మకు అలవాటు. ఆ వేళకు ఛాయాదేవిగారు వంట చేసుకోవడానికి ఇంటికి పోయేవారు. అమ్మ విప్పేసిన ప్రతి వరుసా కాగితంలో బతికే ఉంది. ఆవిడ మంచం మీద కూలబడ్డారు. తనిఖీ ఎల్లుండే. కాగితం సర్కారు చేతిలో ఉంది.

శనివారం పదకొండు గంటలకు జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టరు పేరు సూర్యకళ. సన్నగా, పొడుగ్గా, కళ్ళద్దాలతో, ఖద్దరు చీరలో ఉంది. చేతిలో మా నాలుగు కాగితాలు.

"టీచరు ఉద్యోగం అడుగుతున్నది ఎవరు?"

అమ్మ ముందుకొచ్చింది. చేతిలో ఆ ఇద్దరు పట్టే స్వెట్టరు ఉంది. దాన్ని తీసుకుపోవద్దని ఛాయాదేవిగారు ఎంత చెప్పినా వినలేదు.

"ఈ కాయితం తోటి అల్లితె గిది అయింది మేడం" అని విప్పి చూపించింది.

ఇన్‌స్పెక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఇది ఎవరికి?"

"ఇద్దరికి మేడం" అన్నది వెనకనుంచి బాలమణి. అందరూ నవ్వారు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. అమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది, దొరసానినీ, పాటనూ, సాయంత్రం విప్పడాన్నీ, ఏదీ దాచకుండా.

"నీకు పని వచ్చు, ఒప్పుకుంటాను" అన్నది ఇన్‌స్పెక్టరు. "కానీ రావడం వేరు, నేర్పడం వేరు. కాగితం ఉంటే నువ్వు లేకపోయినా పని నడుస్తుంది. రేపు నువ్వు ఊరెళ్ళావనుకో, వీళ్ళేం చేస్తారు?"

ఆవిడ మీద నాకప్పుడు ఒళ్ళు మండింది. తర్వాత నేనూ టీచర్నయ్యాక తెలిసింది, అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

అమ్మ కొంగు సర్దుకుంది. "నేను బయట కూసుంట మేడం. నాలుగు కొట్టేదాక నోరిప్ప. వాళ్ళే అల్లుతరు. మీ కొలతకే అల్లుతరు."

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుని కుర్చీ లాక్కుంది.

బయట చింతచెట్టు కింద, కిటికీకి వీపు పెట్టి అమ్మ కూర్చుంది. పక్కన నేను. లోపల బాలమణి గొంతు, "మేడం, జర నిలబడున్రి" అనడం వినిపించింది. జానలు వేసి కొలుస్తున్నట్టున్నారు. తర్వాత నలుగురు జోలపాట ఎత్తుకున్నారు. లావు ఉన్నిదారం, పెద్ద సూదులు, పని చకచకా సాగుతోంది. అమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. ఒళ్ళో చేతులు ఖాళీగా ఉన్నా వేళ్ళు కదులుతూనే ఉన్నాయి. "ముందట సగం అయింది" అన్నది ఒకసారి. "ఈపు అయింది" అన్నది ఇంకోసారి. తిరిగి చూడకుండానే అన్నీ తెలుస్తున్నాయి ఆమెకు. ముఖం కడిగినట్టు తేటగా ఉంది.

అప్పుడు గ్రేస్, బాలమణి చేతులు మొదలుపెట్టారు. గ్రేస్ కీర్తన సన్నగా నడుస్తోంది. బాలమణి తోటపాట దానిపక్కన ఎగిరెగిరి పోతోంది. చరణం చివరికొచ్చింది. ఎదురుగా ఉన్నవాళ్ళ పేరు కలపాలి కదా. ఆ రోజు బాలమణికి ఎదురుగా ఉన్నది గ్రేస్ కాదు. ఇంత పెద్దమనిషి కుర్చీలో కూర్చుంటే ఆమె పేరు కలపకపోతే మర్యాదేముంది? "సూర్యకళమ్మో, ఇన్‌స్పెక్టరమ్మో" అని గొంతెత్తి సాగదీసింది.

అమ్మ కళ్ళు తెరిచింది. గ్రేస్ పేరుకు రెండు తాళాలు. దీనికి ఎనిమిది. రెండో చరణంలోనూ అదే. మూడో చరణంలోనూ అదే. వరుస వరుసకూ ఆరు కుట్లు ఎక్కువ పడుతున్నాయి, ఆ చెయ్యి పొడుగవుతోంది.

"పోయి చెప్పనా?" అని నేను లేచాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

"నోరిప్పనని మాటిచ్చిన."

"నువ్వు కదా ఇచ్చింది. నేను ఇయ్యలేదు."

"నీ నోరు నా నోరు కాదానే? కూసో."

కూర్చున్నాను. ఆ పాట ఆగేదాకా, ఆ పొడుగాటి పేరు ఎన్నిసార్లు వచ్చిందో అన్నిసార్లూ అమ్మ చెయ్యి నా చేతిలో ఉలిక్కిపడింది. నా జీవితంలో అంత పొడుగాటి పాట మళ్ళీ వినలేదు.

నాలుగింటికి లోపలికి పిలిచారు. ఇన్‌స్పెక్టరు స్వెట్టరు వేసుకుని నిలబడి ఉంది. ఒంటిభాగం దర్జీ కుట్టినట్టు సరిపోయింది. ఎడమచెయ్యి మణికట్టు దగ్గర ముద్దుగా ఆగింది. కుడిచేతిలో వేళ్ళ కొనలు తప్ప ఏమీ కనబడటం లేదు. ఛాయాదేవిగారు పైకప్పు పెంకులు చూస్తున్నారు.

"ఇదేమిటి?" అని ఇన్‌స్పెక్టరు ఆ చెయ్యి చాపింది. అడిగింది అమ్మను కాదు, ఆ ఎనిమిదిమందిని.

గ్రేస్ నేల చూసింది. బాలమణి మాత్రం వచ్చి ఆ కుడిచెయ్యి పట్టుకుని, భుజం దగ్గర వేలు పెట్టి, తన పాట మెల్లగా పాడుకుంటూ కుట్టు తర్వాత కుట్టు కిందికి దిగింది. చివరికి వచ్చింది. ఆగింది. నాలుక కరుచుకుంది.

"తప్పు నాదే టీచరమ్మా! మేడం పేరు పాటల కలిపిన. పేరు పొడుగు."

అమ్మ వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది, ఏ టీచరమ్మ వచ్చిందా అని.

గుమ్మంలో ఎవరూ లేరు. మళ్ళీ ఇటు తిరిగింది. బాలమణి తననే చూస్తోంది. అమ్మ ముఖం ఎట్లా అయిందో నేను రాయలేను. నవ్వు వచ్చింది నాకు, పక్కకు పోయి ఆమె కొంగు పట్టుకున్నాను.

"దీన్ని ఎలా సరిచేస్తావు?" అన్నది ఇన్‌స్పెక్టరు.

"ఈ చెయ్యి మొత్తం ఇప్పి, గ్రేసు పేరు కలిపి మల్ల అల్లుత. మీ పేరు తీసేస్తె మీకు మంచిగ సరిపోతది మేడం."

ఇన్‌స్పెక్టరు కళ్ళద్దాలు తీసింది. పెదవి ఒకవైపు వంగింది. "తప్పు ఎక్కడుందో ఇట్లా వెతకమని నీకు ఎవరు చెప్పారు?"

"ఇంకెవరు మేడం? టీచరమ్మే. కుట్లు సూడొద్దు, పాట మల్ల పాడుమని రోజు జెప్తది గద" అన్నది బాలమణి, ఇంత తెలియని మనిషి ఇన్‌స్పెక్టరు ఎట్లా అయిందా అన్నట్టు.

సూర్యకళగారు ఆ చెయ్యి విప్పనివ్వలేదు. అంచు రెండు మడతలు పైకి మడుచుకున్నారు. తర్వాత, పొద్దున్నుంచి నువ్వు నువ్వంటున్న మనిషి, కుర్చీ మా అమ్మ వైపు జరిపి, "మీరు కూర్చోండి" అన్నారు. తాను నిలబడే ఫారం నింపారు. నేను తొంగి చూశాను. 'నమూనా' అన్నచోట మా నాలుగు కాగితాల సంఖ్య కొట్టేసి, 'మౌఖికం' అని రాశారు. 'టీచరు' అన్నచోట అమ్మ పేరు రాశారు. సంతకం పెట్టి, ఆ స్వెట్టరుతోనే జీపెక్కారు.

తర్వాత లోపల ఒకటే గోల. ఛాయాదేవిగారు అందరికీ లడ్డూలు పంచారు. బాలమణి ఛాయాదేవిగారి పేరు కలిపి ఇంకో పాట ఎత్తుకుంది. ఆ ఇద్దరు పట్టే స్వెట్టరులోకి గ్రేస్, బాలమణి దూరి గదంతా తిరిగారు. అమ్మ మాత్రం ఎవరేమన్నా ఊఁ కొడుతూ, ఎక్కడో ఉంది.

పొద్దుగూకే వేళకు చెరువుకట్ట మీదుగా ఇద్దరం ఇంటికి నడిచాం. సగం కట్ట దాటాక అమ్మ ఆగింది.

"బిడ్డా, బాలమణి ఏమన్నది?"

"పేరు పొడుగన్నది."

"అది కాదు. దానికంటె ముందుగాల."

"తప్పు నాదే అన్నది."

"ఆఁ, నడుమ. నడుమ ఏమన్నది?"

నాకు అర్థమైంది. ఆరునెలలుగా అనకూడదని ఆజ్ఞ ఉన్న మాట. "టీచరమ్మా అన్నది" అన్నాను.

"మల్లొక్కపారి అను."

అన్నాను. చలిగాలి మొదలైంది, అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని కొంగు కప్పింది. మా ఇల్లు వచ్చేదాకా నేను అంటూనే ఉన్నాను. ఎన్నిసార్లు అన్నానో నేనూ లెక్కపెట్టలేదు.